రోగం తిరిగే రోజుల్లో డ్యూటీ బట్టలు ఉతకడం ఎలా?

మా ఆయన అంబులెన్స్ పైలట్. అంబులెన్స్ నడిపేవాళ్లని పైలట్ అనే అంటారు. పెళ్లిచూపులప్పుడు ఆ మాట విని మా మేనమామ విమానం అనుకుని తెగ సంబరపడ్డాడు. తర్వాత సంగతి తెలిసి, 'పోనీలే, ఇదీ గాల్లో పోయినట్టే పోతుంది' అని సర్దుకున్నాడు.

2024 అక్టోబరులో, ఇక్కడ విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లోనే, గుర్ల మండలంలో డయేరియా ప్రబలింది. ప్రాణాలు పోయాయి. ఆ వారం ఈయన ఏ వేళకి ఇంటికి వచ్చేవారో, ఏ వేళకి మళ్లీ వెళ్లేవారో లెక్క లేదు. వచ్చీరాగానే యూనిఫాం విప్పి బాత్రూమ్ మూలన పడేసి, స్నానం చేసి పడుకునేవారు. నేను పొద్దున్నే ఆ ప్యాంటు అందుకుని, ఎప్పటిలాగే ఒక్క దులుపు దులిపి బకెట్లో వేసేదాన్ని.

మా వదిన ఏఎన్ఎం, అంటే ఊళ్లలో తిరిగే ప్రభుత్వ నర్సు. ఒకరోజు ఆ దులపడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఓలమ్మా, అలా దులుపుతావేటి! ఆ తుంపర్లన్నీ నీ మొహం మీదే కదా పడేది" అంది. పదేళ్ల వయసు నుంచి గెడ్డలో, అంటే వాగులో, బట్టలు ఉతికినదాన్ని, నాకు ఉతకడం నేర్పుతుందా అని మనసులో కష్టంగానే అనిపించింది. తీరా చూస్తే నాకు వచ్చింది మురికి వదిలించడమే. రోగం అంటిన బట్టని ఎలా పట్టుకోవాలో, ఆ నీళ్లు ఎక్కడ పోయాలో నాకెవరూ చెప్పలేదు. ఇక్కడ రాసేవాటిలో సగం ఆవిడ చెప్పినవి, మిగతావి నేను చెడగొట్టుకుని నేర్చుకున్నవి.

మీ ఇంట్లో ఆశా కార్యకర్త ఉండొచ్చు. ఆసుపత్రి వార్డులోనో, పంచాయతీ పారిశుద్ధ్య పనిలోనో, హాస్టల్ వంటగదిలోనో పనిచేసేవాళ్లు ఉండొచ్చు. పలాస జీడి పరిశ్రమల్లో, పైడిభీమవరం కంపెనీల్లో వందలమంది మధ్య షిఫ్టు చేసి వచ్చేవాళ్లు ఉండొచ్చు. ఊళ్లో అంటురోగం తిరుగుతున్నప్పుడు వాళ్ల బట్టలు ఉతికేవాళ్ల కోసమే ఇదంతా.

ముందు ఏ రోగమో తెలుసుకోండి

అన్నిటికీ ఒకే భయం అక్కర్లేదు. ఊళ్లో తిరుగుతున్నది డెంగీ, మలేరియా అయితే బట్టల గురించి టెన్షన్ పడకండి. అవి దోమ కుడితే వచ్చేవి, చొక్కా మీద ఇంటికి రావు. మామూలుగా ఉతుక్కుని, ఆ ఓపిక నీళ్ల తొట్టెలు కడగడానికి దాచుకోండి.

కోవిడ్, ఫ్లూ లాంటివి ఎక్కువగా గాలిలోంచి అంటుకుంటాయి. బట్టల ద్వారా వచ్చే ప్రమాదం తక్కువ. పైగా ఆ వైరస్‌ల పైపొర కొవ్వుతో ఉంటుంది కాబట్టి గిన్నె జిడ్డు వదిలించినట్టే సబ్బు దాన్నీ కరిగించేస్తుంది. 2020లో మా వీధిలో ఒకాయన పాల ప్యాకెట్ దగ్గర నుంచి పట్టుపంచె దాకా అన్నిటి మీదా బ్లీచింగ్ చల్లాడు. వైరస్ సంగతేమో కానీ పంచె మాత్రం పోయింది.

అసలు జాగ్రత్త పడాల్సింది వాంతులు, విరేచనాల రోగాల దగ్గర. కలరా, డయేరియా, నోరోవైరస్, టైఫాయిడ్, నీళ్ల ద్వారా వచ్చే పచ్చకామెర్లు, ఇవన్నీ చేతుల మీదుగా నోట్లోకి వెళ్లేవే. రోగిని ఎత్తి స్ట్రెచర్ మీద పడుకోబెట్టినవాళ్ల చొక్కా మీద కంటికి ఆనని మరక ఉంటుంది. దాన్ని ఉతికిన చేత్తోనే మనం పిల్లలకి అన్నం కలుపుతాం. నోరోవైరస్ అయితే చాలా కొద్దిగా ఒంట్లోకి వెళ్లినా చాలు, మంచం ఎక్కించేస్తుంది. దాని మీద చేతికి రాసుకునే శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. సబ్బుతో చేతులు రుద్ది కడుక్కోవడం, బట్టలకి వేడి, బ్లీచింగ్, వీటినే నమ్ముకోవాలి.

గజ్జి వేరే దారి. గజ్జి పురుగు మనిషి ఒంటి మీద నుంచి విడిపోయాక రెండు మూడు రోజులకి మించి బతకదు. వేడినీళ్లలో ఉతకండి. ఉతకలేని దుప్పటి, స్వెట్టర్ లాంటివి ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టి మూడు రోజులకి తక్కువ కాకుండా పక్కన పెట్టండి. నేనైతే లెక్క తప్పకుండా వారం ఉంచేస్తాను.

ఆటలమ్మ సంగతి కొంచెం సున్నితం. అమ్మవారు పోసినప్పుడు తలకి నీళ్లు పోసేదాకా ఆ ఇంట్లో సబ్బు ముట్టుకోని ఆచారం చాలా ఇళ్లలో ఉంది. ఆచారం మానమని చెప్పడానికి నేనెవర్ని? కాకపోతే పొక్కుల రసి అంటిన బట్టలు అందరి బట్టల్లో కలపకుండా మూత ఉన్న బకెట్లో విడిగా ఉంచండి. గర్భిణుల్నీ, చంటిపిల్లల్నీ వాటి దగ్గరికి రానివ్వకండి. వేపాకు నీళ్లు మనసుకి చల్లగా ఉంటాయి కానీ, బట్టకి సబ్బు చేసే పని అవి చేయలేవు.

పనికి బయల్దేరే ముందే

ఉతుకుడు ఇక్కడే మొదలవుతుంది. రోగాల రోజుల్లో పనికి వేసుకునే బట్టలు రెండు మూడు జతలు విడిగా పెట్టేయండి. వేడినీళ్లకి ఓర్చుకునే నూలు లేదా నూలు కలిసిన బట్ట అయితే మేలు. తల మీద నుంచి లాగి విప్పే టీషర్టు వద్దు, ముందు గుండీలున్న చొక్కా వేసుకోండి. టీషర్టు విప్పేటప్పుడు దాని బయటి వైపు సరిగ్గా మూతికీ ముక్కుకీ రాసుకుంటూ పైకి వెళ్తుంది. మొలతాడు, ఉంగరం, చేతి దారాలు సాధ్యమైతే ఇంట్లోనే ఉంచండి. దారాలు తడిసి ఆరకుండా ఉండిపోతాయి, వాటిని ఎవరూ ఉతకరు.

పనిచేసే చోట బట్టలు మార్చుకునే గది ఉంటే అక్కడే మార్చుకోండి. విప్పినవి తెచ్చుకోవడానికి పాత తలగడ గలీబు పట్టుకెళ్లండి. ఇది మా వదిన చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చిన చిట్కా. మురికి బట్టలు గలీబులో వేసి మూతి కట్టి తెచ్చుకుంటే, ఇంటికి వచ్చాక బట్టల్ని మళ్లీ ముట్టుకోకుండా గలీబుతో సహా నీళ్లలో బోర్లించేయొచ్చు. గలీబూ అందులోనే ఉతుకుడు పడిపోతుంది. తడి బట్టలయితే దాన్ని ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెండి. ఆ కవర్ మళ్లీ కూరగాయలకి వాడకండి.

జేబులు పనిచోటే ఖాళీ చేసుకోవాలి. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ల జేబుల్లో సూది, బ్లేడు ముక్క ఉండిపోయే ప్రమాదం ఉంది. ఉతికేవాళ్ల చేతికి గుచ్చుకుంటే అప్పుడిక డయేరియా కన్నా పెద్ద భయం. మా ఇంట్లో ఒక్కటే రూల్. జేబు తడిమే పని నాది కాదు, తొడుక్కున్నవాళ్లది.

గుమ్మం దగ్గర

పెరటి వైపు దారి ఉంటే అటే రండి. లేకపోతే వీధి అరుగు పక్కన, మెట్ల కింద, ఎక్కడైనా ఒక మూల చూసుకుని మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్ ఒకటి పెట్టండి. మాది ఎర్రది. ఎర్ర బకెట్ అంటే ఎవరూ ముట్టకూడదని మా అబ్బాయికి కూడా తెలుసు. అద్దె ఇంట్లో ఉమ్మడి బాత్రూమ్ అయితే ఓనరమ్మకి ముందే ఒక మాట చెప్పి పెట్టుకోండి. చెప్పకుండా చేస్తే 'ఏ రోగం తెచ్చారో' అని వీధంతా అంటుకుంటుంది. రోగం కన్నా ఆ మాట వేగంగా పాకుతుంది.

విప్పేటప్పుడు బయటి వైపు లోపలికి పోయేలా, చాప చుట్టినట్టు చుడుతూ విప్పండి. దులపొద్దు, విదిలించొద్దు, ఒంటికి హత్తుకుని మోసుకెళ్లొద్దు. చుట్టినదాన్ని చుట్టినట్టే బకెట్లో వేసి మూత పెట్టండి. చెప్పులు, బూట్లు బయటే. వెంటనే మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కోండి, గోళ్ల సందులతో సహా ఇరవై సెకన్లకి తక్కువ కాకుండా. ఆ తర్వాత స్నానం. పిల్లలు నాన్నా అని పరిగెత్తుకు వస్తారు, ఆ ఐదు నిమిషాలూ వాళ్లని ఆపడం ఉతుకుడు కన్నా కష్టమైన పని. మా వాడికి 'నాన్న ఎర్ర బకెట్ మూత వేసేదాకా' అని లెక్క చెప్పాం. మూత చప్పుడు కోసం వీధి తలుపు వెనకాల కాచుకుని ఉంటాడు.

బట్టల్ని ఆ బకెట్లో రెండు మూడు రోజులు మాగబెట్టొద్దు. ఆ రోజు కుదరకపోతే కనీసం మర్నాడు పొద్దున్న.

ఉతికేవాళ్లకి కావలసినవి

గిన్నెలు తోముకునే గట్టి రబ్బరు గ్లౌజులు ఒక జత. ఆసుపత్రిలో వాడే పల్చటివి బట్టలు పిండేసరికి చిరిగిపోతాయి. గ్లౌజులు దొరక్కపోతే చిల్లుల్లేని పాలిథిన్ కవర్లు చేతులకి తొడిగి మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకోండి. పాత చీరముక్క మొలకి చుట్టుకోండి, లేదా ప్లాస్టిక్ ఏప్రాన్. తుంపర్లు పడకుండా ముక్కుకీ నోటికీ మాస్కు. ఇంకో రెండు ప్లాస్టిక్ బకెట్లు, తిప్పడానికి మూరెడు పొడుగు కర్ర, సర్ఫు, బ్లీచింగ్. చేతి మీద కోతగానీ పుండుగానీ ఉంటే ఆ రోజు ఆ పని ఇంకొకరికి అప్పగించండి.

మరకలు ఉంటే ముందు వాటి సంగతి

మలం, వాంతి అంటిన బట్టని కుళాయి కింద పెట్టి ధార వదలకండి. ఆ ధారకి అది నాలుగు వైపులా చిమ్ముతుంది. అట్టముక్కతో మెల్లగా గీకి, గీకినది మరుగుదొడ్లో వేసి నీళ్లు కొట్టండి. అట్టముక్కని కవర్లో కట్టి చెత్తలో వేయండి. తర్వాత ఆ బట్టని మిగతావాటిలో కలపకుండా విడిగా నానబెట్టండి. రక్తం మరక అయితే ముందు చన్నీళ్లే. వేడినీళ్లు పోస్తే మరక బట్టకి పట్టుకుని కూర్చుంటుంది, ఇక ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు.

వేడినీళ్లు, సర్ఫు

నూలు బట్టలకి ఇదే మొదటి దారి. 60 డిగ్రీల వేడి, దానికి సర్ఫు తోడైతే చాలా క్రిములు చస్తాయి. ఇంట్లో థర్మామీటర్ ఎవరికుంటుంది? చిన్న లెక్క చాలు. తెర్లుతున్న నీళ్లు సుమారు 100 డిగ్రీలు, మన కుళాయి నీళ్లు 28, 30 ఉంటాయి. రెండూ సమానంగా కలిపితే 64, 65 దగ్గరికి వస్తాయి. అంటే అర బకెట్ చన్నీళ్లకి అర బకెట్ మరిగిన నీళ్లు. చన్నీళ్లు ముందు, మరిగినవి తర్వాత పోయండి, మీద చిమ్మకుండా ఉంటాయి. చలికాలం పొద్దున్న పూట మరిగినవి ఇంకో చెంబు ఎక్కువ వేసుకోండి. చెయ్యి పెట్టి చూసి 'వేడిగానే ఉన్నాయిలే' అనుకోకండి. చెయ్యి ఓర్చుకోగలిగిందంటే అవి 60 డిగ్రీలు లేనట్టే.

సర్ఫు కలిపి, గలీబు బోర్లించి, బట్టలు పూర్తిగా మునిగాక మూత పెట్టి అరగంట వదిలేయండి. మధ్యలో రెండు మూడుసార్లు కర్రతో తిప్పండి. వేడి పోకుండా ఉండాలంటే బకెట్ మీద గోనెసంచి కప్పండి. బండకేసి బాదడం మాత్రం ఈ రోజుల్లో మానేయండి. నాకు ఇది అన్నిటికన్నా కష్టమైంది, బాదితేగానీ ఉతికినట్టు అనిపించదు. కానీ ఒక్కో దెబ్బకీ ఎన్ని తుంపర్లు లేస్తాయో సాయంత్రం ఎండలో నిలబడి చూడండి, తెలుస్తుంది. నానాక గ్లౌజులతోనే రుద్ది, రెండు నీళ్లు జాడించండి.

తెల్లటి నూలు బట్టలు, దుప్పట్లు అయితే పెద్ద డేక్సాలో పొయ్యి మీదే పెట్టి, తెర్లడం మొదలయ్యాక ఐదు నిమిషాలు ఉంచితే అదే సరిపోతుంది, బ్లీచింగ్ అక్కర్లేదు. ఇదేమీ కొత్త సంగతి కాదు. చాకలి బాన చూసినవాళ్లకి గుర్తుంటుంది. చౌడు నీళ్లలో తడిపిన బట్టలని బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఉబ్బ వేసేవారు. చౌడులో క్షారం, పైన ఆవిరి వేడి. పురిటి బట్టలూ, రోగిష్టి బట్టలూ రేవుకి వెళ్లి మల్లెపువ్వుల్లా తిరిగి వచ్చేవంటే ఆ రెండిటి పనితనమే.

బ్లీచింగ్ నీళ్లు

వేడినీళ్లకి ఆగని బట్టలకీ, మలం, వాంతి అంటిన వాటికీ బ్లీచింగ్ కావాలి. కొలత తప్పితే పని చెడేది ఇక్కడే, అందుకని కొంచెం ఓపిగ్గా చదవండి.

మంచి బ్లీచింగ్ పౌడర్‌లో 30 శాతం పైన క్లోరిన్ ఉంటుంది. 10 లీటర్ల నీళ్లకి టేబుల్ స్పూనుతో చదునుగా ఒక్కటి, అంటే సుమారు 16 గ్రాములు. అప్పుడు 0.05 శాతం ద్రావణం అవుతుంది. బట్టలకి కావలసింది అంతే. ద్రవరూపంలో దొరికే సోడియం హైపోక్లోరైట్ అయితే సీసా మీద శాతం చూడండి. 5 శాతం అని ఉంటే 10 లీటర్లకి 100 మిల్లీలీటర్లు, 10 శాతం అని ఉంటే 50.

పౌడర్‌ని ముందు ఒక ప్లాస్టిక్ మగ్గులో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, ఆ తర్వాత బకెట్ నీళ్లలో పోసి కర్రతో తిప్పండి. పావుగంట కదపకుండా వదిలేస్తే అడుగున సున్నం దిగుతుంది. పైన తేరుకున్న నీళ్లు రెండో బకెట్లోకి వంచుకుని వాటినే వాడండి. నేను మొదటిసారి ఈ ఓపిక పట్టలేక, పౌడర్‌ని గుప్పెడు తీసి నేరుగా ప్యాంటు మీద చల్లాను. సాయంత్రానికి ముదురు నీలం ప్యాంటు మీద చిరుతపులి మచ్చలు దిగాయి. ఆయన ఆ ప్యాంటు వేసుకుని డ్యూటీకి వెళ్లలేక, కొత్తది ఇచ్చేదాకా పాతది ఒక్కటే రోజూ ఆరబెట్టుకుని వేసుకోవాల్సి వచ్చింది. సరిగ్గా రెండో జత అవసరమైన వారంలోనే.

వరస కూడా మారకూడదు. ముందు సర్ఫుతో ఉతికి, జాడించి, ఆ తర్వాతే బ్లీచింగ్ నీళ్లలో అరగంట. మురికి బట్ట నేరుగా వేస్తే క్లోరిన్ బలమంతా ఆ మురికితోనే అయిపోతుంది, క్రిముల దాకా రాదు. అరగంట కాగానే తీసి మంచినీళ్లలో రెండుసార్లు జాడించండి. రాత్రంతా వదిలేస్తే ఇంకా శుభ్రమవుతాయని అనుకోకండి, నూలు పీలికలవుతుంది. పట్టు, ఉన్ని, సాగే బట్టలు బ్లీచింగ్‌లో వేయొద్దు. రంగు పోతుందేమో అన్న అనుమానం ఉంటే లోపలి మడత దగ్గర ఒక చుక్క వేసి చూసుకోండి.

మూడు సంగతులు మాత్రం మరిచిపోవద్దు. బాత్రూమ్ యాసిడ్‌ని బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపకూడదు. ఒకే బకెట్లో కాదు, ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే గచ్చు మీద కూడా పోయకూడదు. విషవాయువు లేస్తుంది, చిన్న బాత్రూమ్‌లో ఊపిరాడదు. పొరపాటున కలిసి గొంతు మండితే ఏదీ సర్దకుండా ముందు బయట గాలికి వచ్చేయండి. రెండోది, మరిగే నీళ్లలో బ్లీచింగ్ కలపొద్దు, ఘాటు మన ముక్కుకే ఎక్కుతుంది. మూడోది, అల్యూమినియం డేక్సాలో కలపొద్దు, లోహాన్ని తినేస్తుంది.

పౌడర్ నాణ్యత సంగతి. మూతి తెరిచి నెలల తరబడి ఉన్న సంచిలోది చాలాసార్లు ఉత్త సున్నమే. వాసన రాకపోతే, గడ్డలు కట్టి తడిగా ఉంటే నమ్మకండి. అలాగని ఘాటు ఎక్కువుంటే మంచిదని మూడు స్పూన్లు వేయడం కూడా తెలివి కాదు. కలిపిన నీళ్లు ఆ రోజుకే. మర్నాటికి మళ్లీ కొత్తగా కలుపుకోండి. డబ్బాని ఎండ తగలని చోట, పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి.

బకెట్లో యాంటీసెప్టిక్ నాలుగు చుక్కలు వేస్తే తెల్లగా మారి ఆసుపత్రి వాసన వస్తుంది కదా, దాంతో పని అయిపోయిందని అనుకుంటాం. ఆ నాలుగు చుక్కలు వాసనకే.

మిషన్ ఉన్నవాళ్లు

డ్యూటీ బట్టలు విడిగా వేయండి, కుక్కకండి. హీటర్ ఉన్న మిషన్ అయితే 60 డిగ్రీలు, పొడుగు ప్రోగ్రాం. హీటర్ లేని మిషన్ అయితే బకెట్లోనే పైన చెప్పినట్టు నానబెట్టి, జాడించి, తర్వాత మిషన్‌లో వేయండి. మరకలు గీకకుండా మిషన్‌లో వేస్తే మురికి రబ్బరు మడతల్లో చేరి తర్వాతి బట్టలకి అంటుతుంది. బట్టలు వేసిన వెంటనే చేతులు కడుక్కుని, అప్పుడు బటన్ నొక్కండి. వేసేటప్పుడు ముట్టుకున్న మూత, బటన్లు బ్లీచింగ్ నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, మళ్లీ మంచినీళ్ల గుడ్డతో తుడవండి.

ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి?

ఇది ఎవరూ పట్టించుకోరు, నేను కూడా పట్టించుకోలేదు. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు నాగావళి, వంశధార, చంపావతి, వాటిలో కలిసే గెడ్డలు, ఊరూరా చెరువులు, నూతులు. పై ఊళ్లో ఉతికిన నీళ్లు కింది ఊరి బిందెలోకి రావడానికి పెద్ద దూరమేమీ లేదు. డయేరియా తిరుగుతున్నప్పుడు గెడ్డలో, చెరువు గట్టున, బోరింగు పళ్లెం మీద, నూతి పక్కన ఈ బట్టలు ఉతకొద్దు. ఉతికిన మొదటి నీళ్లు మరుగుదొడ్లో పోయండి. లేకపోతే నూతికీ బోరుకీ కనీసం 50 అడుగుల దూరంలో ఉన్న ఇంకుడు గుంతలో పోయండి. పెరట్లో బచ్చలి పాదుకీ, కరివేపాకు చెట్టుకీ పోయకండి. పైపు లీకయ్యే చోట బట్టలు ఉతికితే ఆ మురుగే పైపులోకి తిరిగి వెళ్తుంది. కుళాయి వదలని గంటల్లో పైపులో ఒత్తిడి ఉండదు కదా, బయట నిలవున్న నీళ్లని లోపలికి పీల్చేసుకుంటుంది.

చాకలికి వేసేవాళ్లు

మా వీధికి వచ్చే చాకలి మామ్మకి డెబ్బై ఏళ్లు దాటాయి. మూట విప్పి ఒక్కో బట్టా ఒట్టి చేతులతో విడదీసి గుర్తు పెట్టుకుంటుంది. రోగి దగ్గర నుంచి వచ్చిన బట్టల్ని అలాగే మూట కట్టి ఆమె చేతిలో పెట్టడం అన్యాయం. ఇంట్లో ఒకసారి సర్ఫులో నానబెట్టి, జాడించి, బ్లీచింగ్ నీళ్లలో అరగంట ఉంచి, మళ్లీ జాడించి, ఆరాక వేయండి. అంత ఓపిక లేకపోతే ఏ ఇంటి బట్టలో, ఏ రోగమో దాచకుండా చెప్పి, గ్లౌజులు కొనిచ్చి, నాలుగు డబ్బులు ఎక్కువ ఇవ్వండి. ఇస్త్రీ బండి దగ్గరికి కూడా ఉతికి ఆరినవే పంపండి.

ఆరేయడం

దండెం మీద పల్చగా, ఒకదాని మీద ఒకటి పడకుండా, లోపలి వైపు కొంతసేపు, బయటి వైపు కొంతసేపు మంచి ఎండలో. పూర్తిగా ఆరడమే ముఖ్యం. నడుం పట్టీ, కాలరు, జేబు అడుగు చేత్తో నొక్కి చూడండి, చివరిదాకా తడి ఉండేది అక్కడే.

ఎండ ఉంటే ఇంతే. కానీ మనకి రోగాలూ తుపాన్లూ ఒకే నెలల్లో వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కరెంటు లేక, ఎండ లేక, ఎన్ని రోజులు తడి గుడ్డలతో గడిపారో అక్కడి మా చుట్టాలు ఇప్పటికీ చెప్తారు. ముసురు పట్టిన వారంలో గట్టిగా పిండి, పొడి తువ్వాలులో చుట్టి మళ్లీ పిండి, ఫ్యాను కింద ఆరేయండి. కొంచెం తేమ ఉండగానే బాగా వేడిగా ఇస్త్రీ చేయండి, కుట్ల మీద పెట్టె ఆపి ఆపి. కరెంటు లేకపోతే బొగ్గుల పెట్టె ఉన్నవాళ్లు అదృష్టవంతులు. అరకొరగా ఆరినది తొడుక్కుని వెళ్తే గజ్జల్లో తామర పట్టుకుంటుంది, అది ఇంకో తలనొప్పి. మూడో జత ఉండాలన్నది ఇందుకే.

చివరి పని

ఉతికిన బట్టలు శుభ్రమైన బకెట్లోకే తీయండి, ఎర్ర బకెట్లోకి తిరిగి వేయొద్దు. నాకు రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ మళ్లీ మొదటి నుంచి. మిగిలిన బ్లీచింగ్ నీళ్లతోనే ఎర్ర బకెట్, మూత, కర్ర, ఉతికిన గచ్చు కడిగేయండి. బకెట్ ఎండలో బోర్లించండి. గ్లౌజులు చేతికి ఉండగానే సబ్బుతో కడిగి, లోపలి వైపు బయటికి వచ్చేలా విప్పి, మళ్లీ చేతులు కడుక్కోండి. మొలకి చుట్టుకున్న చీరముక్క మర్నాటి ఉతుకుడులోకి.

గ్లౌజులని వేళ్లు కిందకి వచ్చేలా దండేనికి క్లిప్పు పెట్టి ఆరేయండి. మొదటిరోజు చీకటి పడ్డాక మా అత్త పెరట్లోకి వెళ్లి, గాలికి ఊగుతున్న వాటిని చూసి, "ఓలమ్మో, దండెం మీద ఆ సేతులు ఎవలివే!" అని కేకేసింది.